ఒక మనిషికి రెండు కార్డులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన సంఘం చిరునామాలు చూసే పని చాలా ఏళ్లుగా నాది. మొదట నోటుబుక్కు ఉండేది. తర్వాత ఒక సభ్యుడు తన పాత కంప్యూటర్ ఇచ్చారు. అందులో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటే వచ్చే అడ్రస్ బుక్ ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక కార్డు. ఇల్లు, ఆఫీసు, పుట్టినరోజు, అన్నిటికీ గళ్లున్నాయి. బ్యాచికొక గ్రూపు కట్టాను. చాలా సంబరపడ్డాను.

చిక్కంతా పేరు దగ్గరే వచ్చింది. ఆ ప్రోగ్రాం ముందు సొంత పేరు, చివర ఇంటిపేరు అడుగుతుంది. మన బడి రిజిస్టరులో ఇంటిపేరే ముందు. నేను కొందరిని అలా, కొందరిని ఇలా ఎక్కించాను. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్లల్లో కొందరికి రెండేసి కార్డులు పడ్డాయి. కంప్యూటర్ లెక్కలో వాళ్లు ఇద్దరు.

మన తెలుగు మాస్టారు పోయినప్పుడు అందరికీ కార్డులు రాశాం. ఆయన ఇంట్లో ఉండి చదువుకున్న ఒక చెల్లెలికి మాత్రం కబురు అందలేదు. కొత్త చిరునామా ఒక కార్డులో ఉంది, గ్రూపులో ఉన్నది పాత కార్డు. పెద్దకర్మ కూడా అయిపోయాక ఆమె ఫోన్ చేసి, "నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పు యంత్రానిది కాదు, నాది.

ఆ తర్వాత కార్డులన్నీ ఒక్కొక్కటే సరిచూశాను. నిక్‌నేమ్ గడిలో బడినాటి పేరు రాయడం మొదలుపెట్టాను. కాలం చేసినవారి కార్డులు తీసేయలేదు, వేరే ఫోల్డరులో ఉంచాను.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. తర్వాత వచ్చిన విస్టాలోనే ఆ అడ్రస్ బుక్ తీసేసి వేరేది పెట్టారు. మన కార్డులన్నీ ఒకే ఒక్క వ్యాబ్ ఫైలులో ఉన్నాయి. అది పాడైతే అందరం పోయినట్టే. అందుకని ఎక్స్‌పోర్ట్ చేసి సీఎస్‌వీగా మార్చాను. అది మామూలు అక్షరాల ఫైలు, గడికీ గడికీ మధ్య ఒక కామా, అంతే. నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది. గ్రూపులు మాత్రం అందులోకి రాలేదు, మళ్లీ చేత్తో కట్టాను. ఇప్పుడు మూడు చోట్ల మూడు ప్రతులున్నాయి.

ఇంత చేసినా, మీరు ఇల్లు మారిన సంగతి ఏ ప్రోగ్రామూ తనంతట కనిపెట్టలేదు. వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటారు. మన పెద్దల్లో చాలామంది అందులో లేరు.

భోజనాల దగ్గర బల్ల మీద బ్యాచీలవారీగా జాబితాలు పెట్టాను, పక్కనే పెన్నులున్నాయి. మీ పేరు చూసుకోండి, తప్పుంటే కొట్టేసి దిద్దండి. మీ పక్క బెంచీలో కూర్చున్నవారి పేరు కూడా వెతకండి. కనిపించకపోతే నాకు చెప్పండి.

సెలవు.