పిల్ల ముద్దు సరే, తల్లి ఎక్కడ?

(జోనల్ కార్యాలయం కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు వస్తే చాలు, పిల్లలు కుక్కపిల్ల కావాలని పేచీ మొదలుపెడతారు. ఫోన్‌లో ఫొటో చూస్తాం, ధర అడుగుతాం, అడ్వాన్సు పంపిస్తాం. రెండు రోజుల్లో పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. దాని తల్లి ఎలా ఉందని మాత్రం అడగం. ఈ రోజు ఆ తల్లి గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. చూలు సుమారు 63 రోజులు. లాభమే చూసుకునేవాళ్లు ప్రతి ఎదకూ దాన్ని కట్టిస్తారు. ఇనుప పంజరంలోనే అది ఈనుతుంది, అక్కడే ముసలిదవుతుంది. ఇక ఈనలేదనుకున్నాక రోడ్డు మీద వదిలేసేవాళ్లూ ఉన్నారు. టీకాలు లేకుండా అమ్మిన పిల్లలకు పార్వో సోకితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలపై నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కాకుండా ఈ వ్యాపారం చేయకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని కుక్కను కట్టించకూడదు.

అలాంటి చోటునుంచి విడిపించిన ఒక లాబ్రడార్‌ను మూడేళ్ల కిందట మేం తెచ్చుకున్నాం. ఆరేళ్లుంటాయని డాక్టరుగారు పళ్లు చూసి చెప్పారు. గౌరి అని పేరు పెట్టాం. దానికి మెట్లెక్కడం తెలియదు. గడ్డిమీద అడుగు వేయడానికి భయం. ఫ్యాన్ తిరిగితే గోడకు నక్కేది. కుక్కంటే గడప దాటనివ్వని మా అత్తయ్యగారు రోజూ పెరుగన్నం గిన్నె పెట్టి, దానివైపు చూడకుండా అటు తిరిగి కూర్చునేవారు. ఇరవై రోజులకు అది ఆవిడ కుర్చీ కింద పడుకుంది. తోక ఊపడానికి నాలుగో నెల వచ్చింది.

ఇలాంటి కుక్కను తెచ్చుకుంటే మొదట దానికో మూల ఇవ్వండి. చుట్టాలను పిలిచి చూపించకండి. భయంతో పారిపోతుంది కాబట్టి తలుపు జాగ్రత్త. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, పళ్లు, చర్మం, పొట్టకింద గడ్డలు ఇవన్నీ డాక్టరుతో చూపించుకోండి. ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. మనవి ట్రాన్స్‌ఫర్ ఉద్యోగాలు. కొత్త ఊరికి వెంట తీసుకెళ్లలేమనుకుంటే అసలు తేవద్దు. ఒకసారి వదిలేసినదాన్ని మళ్లీ వదిలేయడం పాపం.

పంజరంలో పిల్లను చూసి, జాలిపడి కొనేస్తామంటారు కొందరు. మంచి మనసే. కానీ ఆ డబ్బుతో అదే పంజరంలోకి ఇంకో పిల్ల వస్తుంది. కాపాడాలనుకుంటే అధికారులకు ఫిర్యాదు చేయండి, విడిపించినవాటికి ఇల్లివ్వండి.

ఖాతా తెరవాలని వచ్చినవారిని మనం కేవైసీ అడుగుతాం. లోన్ ఇచ్చేముందు ఇన్‌స్పెక్షన్‌కు వెళతాం. కుక్కపిల్లను అమ్మేవాడి దగ్గరా అంతే చేద్దాం. రిజిస్ట్రేషన్ చూపించమనండి. తల్లిని చూపించమనండి. కుదరదంటే, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా ఖాళీ చేతులతో తిరిగి రండి.

సెలవు.