ఎండుమిర్చి బూజు నుంచి కేన్సర్ పరిశోధనకు

మల్కాజ్‌గిరి నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్లే సైన్సు విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు.

రోగనిరోధక శాస్త్రవేత్త డాక్టర్ కన్నెగంటి తిరుమలాదేవి గారిది కొత్తగూడెం. సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. ఆమె తొలి పరిశోధన దేనిమీదో తెలుసా? బూజు విషాల మీద! ఎండుమిర్చికి బూజు పడితే అఫ్లటాక్సిన్, ఆక్రాటాక్సిన్ లాంటి విషాలు చేరతాయి. కంటికి కనబడవు, వండినా పూర్తిగా పోవు. వాటిని పట్టిచ్చే యాంటీబాడీలతో ఆమె మిరప నమూనాలను పరీక్షించారు. కేన్సర్ ఊసే లేదక్కడ. కానీ ఇమ్యునాలజీ పనిముట్టు అప్పుడే చేతికొచ్చిందని నా నమ్మకం.

అమెరికాలో మొదట మొక్కల రోగనిరోధక శక్తి, ఆ తర్వాత మిషిగన్‌ యూనివర్సిటీలో జంతువుల రోగనిరోధక శక్తి మీద పనిచేశారు. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో చేరారు. కణం చనిపోయే మూడు పద్ధతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఆమె బృందం తేల్చి, ఆ కలయికకు పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. కేన్సర్ కణం ఒక పద్ధతికి చిక్కకుండా తప్పించుకోవచ్చు; మూడూ కలిసి వస్తే తప్పించుకోవడం కష్టం. ఎలుకల్లో ఈ దారిన కణితులు తగ్గాయి. మనుషులకు మందుగా మారాలంటే ఇంకా చాలా పరీక్షలు జరగాలి.

ఆమె కూడా మొక్కల మీది పరిశోధన దాటుకునే ఇటు వచ్చారు. అందుకే బోటనీ చదివాం, కేన్సర్ పరిశోధన మనకెందుకులే అనుకోకండి. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పీహెచ్‌డీ ప్రకటన ఎప్పుడు పడుతుందో ఓ కన్నేసి ఉంచండి.