పిండమూలకణ పరిశోధన – క్రైస్తవ ధర్మవిచారణ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఇల్లు వెల్లవేయునపుడు తడిసున్నము కంటబడి చూపు పోగొట్టుకొన్నవారు పల్లెలలో కలరు. తాంబూలపు సున్నము పొట్లముతో ఆడుకొను పసిబిడ్డలకును ఈ ప్రమాదము సంభవించుచున్నది. నల్లగుడ్డుపై అద్దము వంటి పొర యొకటి యుండును. అది అరిగినప్పుడెల్ల మరల పూరించు కణములు నల్లగుడ్డు అంచున వలయమువలె నుండును. సున్నము ఆ కణములను కాల్చివేసినచో పొర తిరిగి పెరుగదు. కన్ను తెల్లబారి చూపు నశించును. ఇట్లు తాము వృద్ధిపొందుచు, శరీరమునకు వలసిన ఇతర కణములను పుట్టించు కణములకు మూలకణములని పేరు.

పెద్దవారి శరీరములోను మూలకణములు కలవు. ఎముకల మూలుగులో రక్తమును పుట్టించునవి అట్టివే. కాని వాని శక్తి పరిమితము. రక్తమును పుట్టించునది కంటిని నిర్మింపజాలదు. సమస్తావయవములుగా మారగల శక్తి పిండముయొక్క తొలిదశలోని కణములకే స్వభావసిద్ధము. స్త్రీపురుష బీజములు కలిసిన 5 దినములకు పిండము ఇసుకరేణువంతటి బోలుగోళమై, వంద లేక అంతకు మించిన కణములతో నుండును. దాని లోపలి కణముల గుంపును తీసి పెంచినచో అవి ఏ అవయవపు కణములుగానైనను మారగలవు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు మానవ పిండమూలకణములను మొదటిసారి వేరుచేసి పెంచెను. సంతానము లేని దంపతులకొరకు గాజుపాత్రలో కల్పింపబడి, గర్భమున నుంచబడక మిగిలిన పిండములు ఇందులకు వినియోగింపబడినవి. లోపలి కణములను తీసినచో ఆ పిండము నశించును. వివాదమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

ఈ వివాదమున క్రైస్తవ సంఘములు చేసిన విచారణ దీర్ఘమైనది. ఈ ప్రాంతమునకు క్రైస్తవ వైద్యసేవ క్రొత్తది కాదు. డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ కృషివలన 1915లో విక్టోరియా కుష్ఠు వైద్యశాల వెలసెను. దానికి విరివిగా ధనమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఊరివెలుపలికి త్రోసివేయబడిన రోగియు మనుష్యుడే యను నమ్మకము ఆ సేవకు పునాది. చిత్రమేమనగా, నేటి వివాదములో ఇరుపక్షముల క్రైస్తవులకును ఆ నమ్మకమే ఆధారము. ఒక పక్షము రోగిని చూపి, ‘ఇతనిని విడువరాదు’ అనుచున్నది. వేరొక పక్షము పిండమును చూపి, ‘దీనిని లెక్కనుండి కొట్టివేయరాదు’ అనుచున్నది.

రోమను కాథలిక్ సంఘముయొక్క నిర్ణయము స్పష్టము. బీజములు కలిసిన క్షణమునుండియు పిండమును మానవ వ్యక్తివలె గౌరవింపవలెనని 1987లోను 2008లోను వెలువడిన రోమా ఉపదేశ పత్రములు శాసించినవి. 2017 మే నెలలో పోపు ఫ్రాన్సిస్, హంటింగ్‌టన్ అను వంశపారంపర్య నాడీవ్యాధి పీడితులను పిలిచి ఆదరించి, వారి యెదుటనే, ఎంత ఉన్నతమైన ప్రయోజనమునకైనను మానవ పిండమును నాశనము చేయుట న్యాయము కాదని చెప్పెను. రోగిని చూడనివాడు ఆ మాట చెప్పుట సులభము. రోగి చేయి పట్టుకొని చెప్పుట కష్టము. మేలు కలుగుటకై కీడు చేయవచ్చునను వాదమును పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో త్రోసిపుచ్చియున్నాడు. కాథలిక్కుల తర్కమునకు ఇదియే మూలము. అమెరికాలోని దక్షిణ బాప్టిస్టు సంఘము కూడ 1999లో ఈ పరిశోధనను నిరసించెను.

మరియొక పక్షము కలదు. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘము 2004లో, సంతాన చికిత్సలో మిగిలి పారవేయబడనున్న పిండములను దంపతులు ఇష్టపూర్వకముగా పరిశోధనకు ఇచ్చుటను సమ్మతించి, పరిశోధనకొరకే పిండములను సృజించుటను నిరాకరించెను. ఈ పక్షమువారు మంచి సమరయుని కథను స్మరింతురు. దారిలో గాయపడి పడియున్నవానిని చూచియు తప్పుకొనిపోయిన యాజకుని దోషము, సాధ్యమైన చికిత్సను నిరాకరించువానికిని తగులునని వారి భయము. ప్రాచీన క్రైస్తవ పండితులలోను ఏకాభిప్రాయము లేదు. 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్, అరిస్టాటిలు ననుసరించి, వివేకముగల ఆత్మ పిండమున క్రమముగా కొంతకాలమునకు ప్రవేశించునని తలచెను. అంతకు మునుపే, 4వ శతాబ్దమున, మహా బాసిలు రూపము దాల్చిన పిండము, దాల్చని పిండమను భేదమును పాటింపననెను. అక్వినాస్ సైతము, ఆత్మప్రవేశమునకు ముందైనను గర్భనాశము పాపమే యని చెప్పియుండుట మరువరాదు.

భారత భాగవతములు విన్నవారికి ఈ సందేహము పరాయిది కాదు. ఉత్తర గర్భముపై అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రమును శ్రీకృష్ణుడు వారించి పరీక్షిత్తును కాపాడెను. నిద్రించువారిని చంపిన పాపముకంటె గర్భస్థ శిశువుపై ఎత్తిన చేయి అశ్వత్థామకు పెద్ద కళంకమైనది. అయినను, గాంధారి మాంసపిండమును నూటొక్క భాగములు చేసి నేతికుండలలో నుంచిన కథను చూపి, ఈ శాస్త్రమంతయు పూర్వులకు తెలియునని చెప్పుకొనుట తగదు. పురాణము నీతిని బోధించును. ప్రయోగశాల పద్ధతిని గాదు.

‘ఎట్లైనను పారవేయబడు పిండమే గదా, రోగికి ఉపయోగపడిన నేమి?’ అను ప్రశ్న బలమైనది. దీనికి కాథలిక్కుల సమాధానము: రేపు మరణింపనున్నవాడైనను, నేడు వాని అవయవమును కోసికొనుటకు ఇతరులకు హక్కు లేదు. దస్త్రము వ్రాయువారి భాషలో చెప్పవలెనన్న, ఒకని ఖాతా నేడో రేపో మూయబడునని, అతని సొమ్మును వేరొకని పేర జమకట్టుట చెల్లదు. ఎదుటిపక్షమువారు, ఆ ఖాతా ఇంకను తెరువబడనే లేదందురు. ఖాతా ఎప్పుడు తెరువబడినదనునదే అసలు తగవు. దానిని సూక్ష్మదర్శిని తీర్పజాలదు.

ప్రభుత్వములు మాత్రము తగవు తీరువరకు ఆగజాలవు. 1984లో ఇంగ్లండున వార్నాక్ సంఘము 14 దినముల గడువును సూచించెను. 1990లో అది అక్కడ శాసనమాయెను. వెన్నెముకకు పూర్వరూపమైన గీత పిండమున పొడసూపు కాలమది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శక సూత్రములు 14 దినములు దాటి మానవ పిండమును ప్రయోగశాలలో పెంచుటను నిషేధించినవి. 2021 నాటి సంతానోత్పత్తి సహాయ చట్టము ప్రకారము పిండములను 10 సంవత్సరములకు మించి నిలువయుంచరాదు. పిమ్మట వానిని నశింపనీయవలెను, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకు ఈయవలెను. ఇది పొలములో నాటిన హద్దురాయి వంటిది. నేలలో స్వయముగా గీత యేమియు లేదు. తగవు పెరుగకుండ మనుష్యులు రాయి నాటిరి. రాయి అవసరమే, కాని రాయి నాటినంతమాత్రమున ధర్మసందేహము తీరదు.

ఈ పరిశోధనను నిరసించువారు దాని ఫలమును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. పిండమూలకణములనుండి పెంచిన ఇన్సులిను కణములను మొదటి రకము మధుమేహ రోగులకెక్కించిన పరీక్ష యొక్క ఫలితము 2025లో వెలువడెను. పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మంది, సంవత్సరము గడచునప్పటికి ఇన్సులిను సూది అవసరము లేనివారైరి. వారు శరీరపు ప్రతిఘటనను అణచు మందులను వాడవలసియుండును. అయినను ఇది స్వల్పలాభము గాదు. ఇంతటి లాభమును ఎదుట పెట్టుకొని ‘వలదు’ అనగలుగుటలోనే ఆ పక్షమువారి విశ్వాసమునకు పరీక్ష కలదు.

వేరు మార్గములు కలవా? సున్నము పడిన కంటికి హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాదు నేత్ర వైద్యసంస్థ సమాధానము చూపెను. 2001 మొదలుకొని అచట రోగియొక్క మంచికంటి అంచునుండి చిన్న తునుకను తీసి, అందలి మూలకణములను పెంచి, కాలిన కంటికి అతుకుచు వచ్చిరి. ప్రయోగశాలలో పెంచుటయు అక్కరలేని సులభ పద్ధతిని ఆ సంస్థ వైద్యులు 2012లో ప్రకటించిరి. ఆ కణములకు పాన్పుగా పరచునది, కాన్పు పిమ్మట తల్లులు దానమిచ్చిన ఉమ్మనీటిసంచి పొర. బిడ్డ క్షేమముగా భూమిపై పడిన పిదప మిగిలిన పొర పరుల కంటికి వెలుగగుచున్నది. ఇందు నష్టపడినవారు లేరు. ఏ సంఘమువారికిని ఆక్షేపణ లేదు.

జపాను దేశమున షిన్యా యమనకా అను వైద్యుడు ఒక మిత్రుని చికిత్సాలయములో సూక్ష్మదర్శినిద్వారా పిండమును చూచి, దానికిని తన కుమార్తెలకును గల భేదము ఎంత స్వల్పమో యని తలపోసెనట. వేరు దారి వెదకుటకు ఆ తలంపు ప్రేరణమాయెను. ఆయన 2006లో ఎలుక చర్మకణములను, 2007లో మానవ చర్మకణములను పిండమూలకణముల వంటివానిగా మార్చెను; 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ బహుమతి నందెను. పిండకణములపై మునుపు జరిగిన పరిశోధన లేనిచో ఈ విజయము కలిగెడిదా యని ఎదుటిపక్షమువారు అడుగుదురు. ఆ ప్రశ్నయు నిజాయితీగలదే. అయినను, మనస్సున కలిగిన సంకోచము శాస్త్రమునకు అడ్డుగోడ కాక క్రొత్తదారి యగుట ఇక్కడ కానవచ్చుచున్నది.

గ్రామవాసులు ఎరుగవలసిన ఆచరణాంశ మొకటి కలదు. మూలకణ చికిత్సతో పక్షవాతము మొదలు సమస్త వ్యాధులును మానునని ప్రకటించి ధనము గుంజువారు కలరు. రక్తవ్యాధులు మొదలగు కొన్నిటికి తప్ప తక్కినవన్నియు ఇంకను పరీక్షాదశలోనివే. పరీక్షకు లోబడు రోగినుండి రుసుము తీసికొనుట తగదు. వ్రాతమూలమైన సమ్మతి లేక సూది వేయరాదు. పొలము తాకట్టు పెట్టి అట్టివారి గుమ్మమెక్కుటకు ముందు ఈ రెండు మాటలను విచారింపవలెను.

సున్నము పడి చూపు పోయిన బిడ్డ తల్లి ఒకవైపు. సంతానముకై తపించి, మిగిలిన పిండములను ఏమి చేయుదుమో చెప్పుడని చికిత్సాలయమువారు అడుగగా కలము పట్టి దిగులుపడు తల్లి ఒకవైపు. ఈ ఇరువురిలో నెవరి కన్నీటిని చూడనొల్లని నీతియు నీతి కాదు. పిండము ఎప్పుడు మనుష్యుడగునో క్రైస్తవ సంఘములు ఒకటై చెప్పలేకపోయినను, ఒక్కమాటలో ఏకీభవించుచున్నవి: మనుష్యజన్మకు బీజమైనదానిని అంగడిసరుకుగా చూడరాదు, సంశయమున్నచోట చేయి తొందరపడరాదు. డిచ్‌పల్లిలో ఆదరమునొందిన రోగికిని, గాజుపాత్రలోని రేణువునకును ఈ మాటయే రక్ష.

ఇట్టి విచారణలకు తావిచ్చు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక.