తట్ట నుంచి నక్షా దాకా
(అజీజ్‌నగర్‌లో మన మిలిటరీ ఇంజనీరు అన్న పదవీ విరమణ సభలో సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మన వాడ బిడ్డ మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ నుంచి రిటైరై ఇంటికొచ్చిండు. డప్పు కొట్టుకుంట తోలుకొచ్చినం, దండ వేసినం. పొద్దున ఊరి పెద్దలు కూడా వచ్చి శాలువా కప్పి పోయిన్రు. మంచిదే. అయితే పోయేటప్పుడు ఒకాయన ఒక మాట అన్నడు: "తెలివి ఉంటే ఎవరైనా పైకొస్తరు, ఇంక ఈ రిజర్వేషన్లు ఎందుకు?" అన్న పెద్దమనిషి, నవ్వి ఊకున్నడు. మేము ఊకునేటోళ్లం కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాసుకొచ్చినం.

ముందుగాల ఒక సంగతి. మనోళ్లు కొందరు అన్నను "కల్నల్ సాబ్" అంటున్నరు. ఆయన కల్నల్ కాదు. మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ 1923లో ఏర్పడిన శాఖ. జవాన్ల క్వార్టర్లు, మిలిటరీ దవాఖానలు, నీళ్ల పంపులు, కరెంటు లైన్లు, విమానాలు దిగే రన్‌వేలు కట్టేదీ, చెడిపోతే బాగుచేసేదీ ఆ శాఖే. అందులో యూనిఫాం అధికారులుంటరు, యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాసి వచ్చే సివిల్ అధికారులూ ఉంటరు. సివిల్ వైపు ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉన్నది. యూనిఫాం వైపు అది లేదు. అన్న ఆ 15 శాతం తలుపు తెరుచుకొని పోయిండు. లోపలికి పోయినంక గోడ నిలబెట్టింది మాత్రం ఆయన చదువే. రిజర్వేషన్ సీటులో వచ్చిన ఇంజనీరు కట్టిన బిల్డింగుకు వేరే సిమెంటు ఉండదు గదా!

అసలు మిలిటరీ ఇంజనీరు పని మనకు కొత్తది కాదు. కొత్తది ఆఫీసరు కుర్చీ. 1780లో కుంఫిణీ దొరలు మద్రాసులో పయనీర్ల కంపెనీలు రెండు పెట్టిన్రు. అవే పోను పోను మద్రాస్ సాపర్స్ అయినయి, ఇప్పుడు బెంగళూరులో ఉన్నయి. వాళ్ల పనేంది? పటాలానికి ముందుగాల నడిచి బాట వెయ్యాలె, వాగు మీద వంతెన కట్టాలె, కోట గోడ కింద సొరంగం తవ్వాలె. పారా గడ్డపారా పట్టే ఆ కొలువులో పరయలు, తక్కిన అంటరాని కులాలవాళ్లు పెద్ద సంఖ్యల చేరిన్రు. ఆ దళం పేరు 'క్వీన్స్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్'. ఆ కుటుంబాలు రాను రాను తమది 'క్విన్‌సాప్' కులమని చెప్పుకున్నయి. పుట్టుకతో అంటిన పేరును వదిలించుకోను పటాలం పేరునే కులం చేసుకున్నరంటే, ఆ బాధ ఎంతదో మీకు నేర్పేది లేదు.

మహర్ల కథ ఇంకా ఘోరం. తరాల కొద్దీ సైన్యంలో పనిచేసిన్రు. 1890ల్లో "మీరు వీరజాతి కాదు" అని సర్కారు తలుపు మూసింది. 1917లో యుద్ధానికి మనుషులు కావాల్సి వచ్చి 111వ మహర్ పటాలం పెట్టింది. యుద్ధం అయిపోయినంక 1921లో తీసేసింది. మళ్లీ యుద్ధం వస్తే 1941లో మహర్ రెజిమెంటు! అవసరానికి వీరులం, అవసరం తీరితే అంటరానోళ్లం.

బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులోనే. నాయిన రామ్‌జీ సుబేదారు, మిలిటరీ బడిలో హెడ్మాస్టరు. రిటైరైనంక సతారా జిల్లాలో కరువు పనిగా సర్కారు తవ్విస్తున్న చెరువు దగ్గర క్యాషియరుగా చేరిండు. నాయిన దగ్గరికి బయలుదేరిన పిల్లలకు బండి కట్టేటోడు దొరకలే. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు తోలనన్నడు, పిల్లలే తోలుకున్నరు. రాత్రంతా గుక్కెడు నీళ్లు పుట్టలే. తండ్రేమో చెరువు పని లెక్కలు రాయాలె, కొడుకులేమో దూపకు ఎండాలె. సుబేదారు పింఛను కూడా ఆ పిల్లలకు నీళ్లు తాపలేకపోయింది.

మన అజీజ్‌నగర్ రెండు చెరువుల నడుమ ఉన్నది. 1908 మూసీ వరదలైనంక ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. విశ్వేశ్వరయ్య గారి పేరు బడి పుస్తకంలో ఉన్నది, సెప్టెంబరు 15న మేమే పిల్లలతో దండ వేయిస్తం. తట్టలు మోసినోళ్ల పేరు ఒక్కటి కూడా ఆ పుస్తకంలో లేదు. ఇయ్యాల మన గేటు దగ్గరనే ఇంజనీరింగు కాలేజీ ఉన్నది. అందులో మన వాడ నుంచి ఎందరు చదివిన్రు, ఎందరు ఊడ్చిన్రు? సంఘం లెక్క తియ్యాలె.

ఇగ పొద్దున వచ్చిన పెద్దమనిషికి జవాబు. రిజర్వేషన్ ఎందుకని అడిగేందుకు కూడా పోస్టు ఉండాలె గదా. అన్న పనిచేసిన శాఖలోనే 2020 మే నెలలో 9,304 పోస్టుల రద్దుకు రక్షణ మంత్రి ఒప్పుకున్నడు. అవి పెద్ద అధికారుల కుర్చీలు కావు, కింది కార్మికుల పోస్టులు. ఆ పనిని కాంట్రాక్టరుకిస్తే, కాంట్రాక్టరుకు రోస్టరు ఉండదు. మన పిల్లడే ఆ పంపు దగ్గర నిలబడతడేమో, కానీ పింఛను లేకుంట. యూనిఫాం వైపు 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేండ్ల కొలువు, నూటికి ఇరవై ఐదు మందికి మించి ఉంచుకోరు. ఆ ఏడు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ల కాల్పులైనయి, ఒక పిల్లగాడు చచ్చిపోయిండు. అన్నకు పింఛను వస్తది. ఆయన తర్వాతి వాళ్ల సంగతి మనం అడగాలె, జిల్లా దాకా, ఢిల్లీ దాకా.

అన్నా, మీకు ఇంక సెలవు దొరికిందనుకోకుండ్రి. ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షకు మన పిల్లలకు 35 ఏండ్ల దాకా వయసు సడలింపు ఉన్నదని ఇక్కడ సగం మందికి తెలువదు. ఫారం ఎట్ల నింపాలె, కుల సర్టిఫికెట్ ఏ నమూనాల ఉండాలె, ఇంటర్వ్యూల ఎట్ల కూసోవాలె, ఇవి మేము పంతుళ్లం చెప్పలేం. మీరు చెప్పగలరు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు అన్న కమ్యూనిటీ హాల్‌లో కూసుంటనన్నడు. బీటెక్, డిప్లొమా అయినోళ్లు, చదువుతున్నోళ్లు అందరు సర్టిఫికెట్లు పట్టుకొని రాండ్రి. ఆడపిల్లలను పొలం పని ఉన్నదని ఆపకుండ్రి. జై భీమ్.