మన గెడ్డ వెంట కాలినడక



సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. థింసా గురించి, ఇటుకల పండగ గురించి మాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేము నడక గురించి చెబుతాం. మన ఊరి వెనక కొండల మధ్య, చెట్ల కింద దాక్కుని పారే చిన్న గెడ్డలు ఉన్నాయి కదా, వాటి లోపలికి నడవడం గురించి. చాపరాయికి, కటికి జలపాతానికి పట్నం వాళ్లు కార్లు కట్టుకుని వస్తారు. మనం కూడా అక్కడికే వెళ్లి ఫోటోలు దిగుతాం. కానీ మన ఇంటి వెనక గెడ్డ ఎక్కడ పుట్టిందో అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? మేము చెప్పలేకపోయాం. ఆ సిగ్గుతోనే మా నడక మొదలైంది.

రెండేళ్ల క్రితం మా ఊరి గ్రామసభ సామూహిక అటవీ వనరుల హక్కు కోసం దరఖాస్తు పెట్టాలనుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు వస్తాయని అందరికీ తెలుసు. ఊరంతా కలిసి అడవిని కాపాడుకునే, చూసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉందని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. దరఖాస్తుకు పటం కావాలి. చదువుకున్న కుర్రాళ్లు మీరే గీయండి అన్నారు పెద్దలు. మేము బడి వరండాలో కూర్చుని ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచాం. గెడ్డ ఉన్నచోట ముదురు ఆకుపచ్చ చార ఒకటి కనిపించింది. దాని మీద నీలం పెన్నుతో ఒక గీత గీసి, ఒక పేరు రాసి, పని అయిపోయిందనుకున్నాం.

అడ్డాకులు కుట్టుకుంటూ పక్కనే కూర్చున్న మా పెద్దత్త ఆ కాగితం చూసింది. ఆమెకు చదువు రాదు. గీతను మాత్రం వేలితో తడిమి చూసి, "ఇదేట్రా? గెడ్డకి మూడు పాయలుంటే ఒకటే గీసినారు? పై ఊటేదీ?" అంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెట్ల నీడలో పారే నీరు ఆకాశంలోంచి కనబడదు. ఆ నీడలోకి ఒక్కసారైనా నడవని మాకు ఆ సంగతే తట్టలేదు.

ఆ ఆదివారం ఆమె ముందు, మేము తొమ్మిదిమంది వెనక. కొండలు బాగా తెలిసిన ఒక తాత కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. కింద పల్లం పొలాల దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడిచాం. మొదటి అర మైలు అందరికీ తెలిసిందే: కాలువలోకి నీరు మళ్లించడానికి పేర్చిన రాళ్ల కట్ట, మహిళలు బట్టలుతికే బండ. ఆ తర్వాత రెండు గట్లూ దగ్గరకు వస్తాయి. ఎండ పోతుంది. చల్లటి గాలి మొహానికి తగులుతుంది. కొండవాలు మీద పోడు కోసం ఎన్నిసార్లు నరికినా, కాల్చినా, లోయ అడుగున తడి ఉంటుంది కాబట్టి మంట అక్కడిదాకా దిగదు. అందుకే పైన పొదలే మిగిలినచోట కూడా కింద పెద్ద పెద్ద మద్దిచెట్లు, జీలుగు చెట్లు, వాటిని చుట్టుకున్న అడ్డతీగలు ఉంటాయి. ఊరికి ఆకు, నార, కల్లు, దుంప ఇచ్చేది ఆ సన్నటి పట్టీయే.

పెద్దత్త ప్రతి వంపు దగ్గర ఆగి పేరు చెప్పేది. రాళ్లెత్తితే పీతలు దొరికే మడుగుకు ఒక పేరు. పెద్ద తేనెటీగలు పట్టు పెట్టే బండకు ఒక పేరు. పురిటి స్త్రీ కోసం నీళ్లు తెచ్చే ఊటకు ఒక పేరు. ఒకచోట ఆగి, చెప్పులు విడవమంది. అక్కడ పూజ చేసే రాయి ఉంది. మేము పుట్టిన ఊరే అది, అయినా మాకు తెలియదు. ఆ పేర్లు మన మాటలో ఉన్నాయి. తెలుగులోకి మార్చి రాస్తే సగం అర్థం పోతుంది. అందుకే విన్నది విన్నట్టు రాసుకున్నాం. రెండు ఆదివారాల్లో 31 పేర్లయ్యాయి.

ఈ పేర్లు ముచ్చటకు మాత్రమే కాదు, తమ్ముళ్లూ. అటవీ హక్కుల నియమాల్లో సాక్ష్యాల భాగం ఒకటి ఉంది, దాన్ని ఒకసారి చదవండి. దుంపలు, పళ్లు ఏరుకునే చోట్లు, చేపలు పట్టే చోట్లు, మనుషులూ పశువులూ నీరు తాగే చోట్లు, మందు మొక్కలు తెచ్చుకునే చోట్లు, పూజించే చెట్లు, మడుగులు, శ్మశానాలు, ఇవన్నీ సాక్ష్యాలే. పెద్దలు చెప్పింది రాసుకున్న వాంగ్మూలం కూడా సాక్ష్యమే. అంటే పెద్దత్త వేలు పెట్టి చూపించిన ప్రతి మడుగూ దరఖాస్తులో ఒక వరుస అవుతుంది.

మూడో ఆదివారం వాన వెలిసి రెండు రోజులైంది. మా నెత్తి మీద ఆకాశం తేటగా ఉంది. సన్నటి లోయలో, పెద్ద బండ కింద కూర్చుని తింటున్నాం. తాత ఒక్కసారిగా లేచి నీళ్లకేసి చూశాడు. తేట నీరు టీ రంగులోకి తిరిగింది, పచ్చి ఆకులు కొట్టుకొస్తున్నాయి. "పైకెక్కండి" అన్నాడు. మాలో ఒకడు, ఎవడని అడగకండి, "ఒక్క ఫోటో తాతా" అన్నాడు. తాత కర్ర ఎత్తాడు. అందరం గట్టు ఎక్కేసరికి చప్పుడు వినిపించింది. మేము కూర్చున్న చోట నడుం లోతు నీరు వచ్చింది. మనుషులందరం బతికాం. సంచి పోయింది. అందులో మా నోటు పుస్తకం ఉంది.

తప్పు మాదే. ఒకే పుస్తకంలో రాశాం, నకలు తీయలేదు, ఫోటో కూడా తీయలేదు. అన్నిటికీ ఫోటో తీసినవాళ్లం దానికి తీయలేదు. మళ్లీ నడుద్దామనుకుంటే, ఆ చలికాలం పెద్దత్తకు మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని, పొలం దగ్గర నుంచి మొదలుపెట్టి మాటల్లోనే గెడ్డ ఎక్కింది. "ఇక్కడ కుడిచేతికి బండ... దాటినావా? ఇప్పుడు దిగు..." అంటూ నడిపించింది. అలా 23 పేర్లు తిరిగొచ్చాయి. ఎనిమిది రాలేదు. ఆ ఎనిమిది చోట్లకు మేము తర్వాత వెళ్లాం, నిలబడ్డాం. చోటు ఉంది, పేరు లేదు. ఇప్పుడు పెద్దత్తా లేదు.

నడవాలనుకునేవాళ్లకు మేము నేర్చుకున్నది చెబుతాం. సన్నటి లోయలో ఉన్నప్పుడు నెత్తి మీద మబ్బును కాదు, గెడ్డ పుట్టే కొండను చూడాలి. వాన అక్కడ పడినా నీరు మీ దగ్గరికే వస్తుంది. తడి బండ మీద పాచి ఉంటుంది, దాని మీద కాలు వేయడం కంటే నీళ్లలో అడుగు వేయడం మేలు. మా ఖరీదైన బూట్లు జారిన చోట తాత వట్టి కాళ్లతో దాటేవాడు. జలగలకు ఉప్పు మూట చాలు. తేనెపట్టు బండ కింద పొగ వద్దు, సెంటు వద్దు, కేకలు వద్దు. తెలియని మడుగులో దూకవద్దు. ఒంటరిగా వెళ్లవద్దు, మధ్యాహ్నం రెండు దాటాక ఇంకా ఎగువకు పోవద్దు.

ఇంకో సంగతి. మన కొండల్లో ఎక్కువగా కనిపించే రాయికి భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. వాకర్ అనే శాస్త్రవేత్త 1902లో ఖోండు జాతి పేరు మీదుగా పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి దొరికినా మనవాళ్ల పేరే రాయాలి. ఈ రాయి పైపొర చివికి, వాన నీటిని పట్టుకుని, నెలల తరబడి మెల్లగా కింద ఊటలుగా వదులుతుంది. వేసవిలో గెడ్డ పారేది అందుకే. కొండ నెత్తి తవ్వితే కింద గెడ్డకు ఏమవుతుందో ఇప్పుడు మీరే ఆలోచించుకోండి. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మన పిల్లలు పాఠంలా చదవాలి. అక్కడి గోస్తనీ నీరే తాటిపూడి జలాశయం మీదుగా విశాఖపట్నం కుళాయిల్లోకి వెళ్తుంది. మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్‌లో కలిసి, సీలేరుగా మారి, శబరిలో చేరి, కూనవరం దగ్గర గోదావరి అవుతుంది. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపలను ఎవరూ పట్టరు, దేవుడి చేపలంటారు. నదిలో ఒక భాగాన్ని ముట్టుకోకుండా వదిలే పద్ధతి మనకు ఎవరూ వచ్చి నేర్పలేదు.

మన్యం పోరాటం గురించి చెప్పేటప్పుడు మనం తుపాకుల గురించి ఎక్కువ చెబుతాం. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన దళాన్ని పోనిచ్చి, వెనక వచ్చే తెల్లవాళ్ల మీద కాల్చారు. ఏ మలుపులో ఎంతసేపు కదలకుండా కూర్చోవచ్చో తెలిసినవాళ్లే అది చేయగలరు. గాం గంటం దొర, మల్లు దొర వంటి వాళ్లకు ఆ దారులన్నీ కాళ్లకు తెలుసు. మాకైతే ఆ ఘట్టం గుర్తొచ్చినప్పుడల్లా తుపాకీ కంటే ముందు ఆ కాళ్లే గుర్తొస్తాయి.

మా దరఖాస్తు సంగతి చెప్పాలి. పటం మళ్లీ గీశాం. మూడు పాయలూ, పై ఊటా, పూజ రాయీ ఎక్కించాం. పేర్లు పోయిన ఎనిమిది చోట్ల గుండ్రటి గుర్తు పెట్టి ఖాళీగా వదిలాం. గ్రామసభ తీర్మానం చేసి పై కమిటీకి పంపింది. ఇంకా జవాబు రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

వచ్చే ఆదివారం పక్క ఊరి గెడ్డకు వెళ్తున్నాం. పొద్దున్న ఆరు గంటలకు సంత మైదానం దగ్గర చింతచెట్టు కింద కలుద్దాం. అన్నం మూట, కర్ర, ఉప్పు తెచ్చుకోండి. ఇంట్లో తాత, అవ్వ ఎవరైనా నడవగలిగితే వాళ్లనూ తీసుకురండి, మెల్లగానే నడుద్దాం. నోటు పుస్తకాలు మాత్రం రెండు తేవాలి, రెండూ ఒకే సంచిలో పెట్టకండి.