పగలు కుట్టే దోమ



చింతపల్లి మన్యంలో చలిజ్వరం ఎరగని ఇల్లు లేదు. చలిజ్వరం అంటే మలేరియా. దాన్ని తెచ్చే దోమ రాత్రిపూట కుడుతుంది. అందుకే దోమతెర కట్టుకుని పడుకుంటున్నాం. మంచిదే.

మరి పగలు కుట్టే దోమ సంగతేమిటి? దాని కాళ్ళ మీద తెల్లని చారలు ఉంటాయి. అది డెంగీ జ్వరం తెస్తుంది. 2005, 2006 సంవత్సరాల్లో మన రాష్ట్రంలో ఎందరినో మంచాన పడేసిన చికున్‌గున్యా కూడా దాని పనే. ఆ పేరు ఆఫ్రికాలోని టాంజానియా దేశపు మాట. కీళ్ళనొప్పులతో మనిషి వంగిపోవడం అని అర్థం. ఆ నొప్పులు పడ్డవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు!

ఈ దోమ ఎక్కువగా ఇంట్లో నిలవ ఉంచిన మంచినీళ్ళలోనే పుడుతుంది. వేసవిలో ఊటలు సన్నబడతాయి. ఆడవాళ్ళు కొండ దిగి నీళ్ళు మోసుకొస్తారు. అలా తెచ్చిన నీళ్ళు పారబొయ్యమంటే ఎవరికి మనసొప్పుతుంది? పారబొయ్యక్కర్లేదు. మూత పెడితే చాలు. మూత లేకపోతే పాత చీర గుడ్డ బిగించి కట్టాలి. వారానికొకసారి నీళ్ళు వాడేసి, కుండ లోపల పీచుతో గట్టిగా రుద్దాలి. దోమ గుడ్లు కుండ గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్ళు లేకపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పురుగులవుతాయి. ఆ పురుగు దోమై ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోపే కడిగెయ్యాలి. వానాకాలంలో పాత టైరు, పగిలిన డబ్బా, వాడని రోలు కూడా చూడాలి.

మలేరియా మాత్రలతో డెంగీ తగ్గదు. ఆశా కార్యకర్త వేలి రక్తం తీసి చేసే పరీక్ష మలేరియాకే. మలేరియా లేదని తేలినా జ్వరం ఉంటే ఆసుపత్రిలో చూపించుకోవాలి. డెంగీని చంపే మందు లేదు. గంజి, అంబలి, నీళ్ళు బాగా తాగాలి. జ్వరానికి పారాసెటమాల్ మాత్ర, అదీ నర్సమ్మ చెప్పినంతే. సంతలో కొన్న నొప్పి మాత్రలు మింగితే రక్తం కారే ప్రమాదం ఉంది.

అసలు భయం జ్వరం దిగాకే. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య ఒళ్ళు చల్లబడుతుంది. ‘తగ్గిందిలే’ అని ఆడమనిషి కాఫీ తోటలో పనికి పోతుంది. మగవాడైతే ఇంకో రెండు రోజులు పడుకుంటాడు! అప్పుడే కొందరికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తు వస్తాయి. తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. బండి రాని ఊరైతే డోలీ కట్టి రోడ్డు దాకా మొయ్యాలి. గర్భిణులనూ పసిపిల్లలనూ జ్వరం వచ్చిన మొదటి రోజే చూపించాలి.