తాగుడు ఖర్చు – మాన్పించు ఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు ఒక పల్లెలో గ్రంథాలయము తలుపు మూతపడకుండ నడుపుట సామాన్యమైన పని కాదు. అందులకు కార్యవర్గమును మనసార అభినందించి, కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయమునకు వచ్చెదను. మత్తు పదార్థముల వాడుక మన రాష్ట్రములో ఎంత యున్నది, దానివలన కలుగు ఖర్చెంత, వైద్యమున కగు ఖర్చెంత యని వారు నన్ను మాటాడుమనిరి. తాగుడు పాపమని చెప్పుటకు హరిదాసులున్నారు, నాటకములున్నవి. ఆ పని వారు నాకంటె బాగుగ చేయుదురు. నేను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి విరమించిన వైద్యుడను. నాకు చేతనైనది లెక్క చెప్పుట. ఆ లెక్కనే మీ ముందుంచెదను.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు దేశమంతట సర్వే జరిపి 2019లో ప్రకటించిరి. 10 మొదలు 75 ఏండ్ల వయసువారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లమంది మద్యము పుచ్చుకొనుచున్నారని అందు తేలినది. వీరిలో సుమారు 2.9 కోట్లమంది దానికి పూర్తిగ లొంగిపోయినవారు. ఈ అంకెలకంటె నన్ను ఎక్కువ కలతపెట్టిన అంకె మరొకటి యందులోనే యున్నది. ఇట్లు లొంగిపోయినవారిలో ఏదో యొక చికిత్స పొందినవాడు 38 మందిలో ఒకడు. ఆసుపత్రిలో చేరినవాడు 180 మందిలో ఒకడు. విరిగిన చేతితో 38 మంది పడియుండగా ఒక్కనికే కట్టు కట్టిరని విన్నచో మనమూరకుందుమా?

మన తెలుగు రాష్ట్రముల సంగతి 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కలదు. 15 ఏండ్లు నిండిన పురుషులలో మద్యము తాగువారు దేశములో నూటికి 18.8 మంది, ఆంధ్రప్రదేశములో 23.3, తెలంగాణములో 43.3. స్త్రీలలో తెలంగాణమున 6.7, మనవైపు 0.5. పెండ్లికి, చావుకు, పండుగకు కల్లు పోయుట తెలంగాణ పల్లెలలో పాత ఆచారము గనుక ఆ అంకెను చూచి వారిని చిన్నచూపు చూడరాదు. అదియుగాక, మనవైపు ఆడవారు సర్వేకు వచ్చినవారికి ఉన్నదున్నట్లు చెప్పిరని నేను పూర్తిగ నమ్మను.

తాగువారందరు రోగులు కారు. ఎవడు రోగియో తెలిసికొనుటకు పెద్ద పరీక్షలు అక్కరలేదు. ఉదయము లేవగానే చేతులు వణకి, ఒక గుక్క పడినగాని ఆ వణుకు నిలువనివాడు రోగి. మానవలెనని తానే పలుమార్లు తలచి మానలేకపోయినవాడు రోగి. ఒక క్వార్టరు సీసాలో 180 మిల్లీలీటర్ల మద్యమున్నది. అందు శుద్ధమైన ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. దినమునకు అంత చొప్పున ఏండ్ల తరబడి లోపలికి పోయినచో కాలేయము మాత్రమే చెడునని మనవారి నమ్మకము. పచ్చకామెర్లు, జలోదరము కంటికి కనబడును గనుక అట్లనుకొందురు. కాని మెదడు కూడ ఆ మత్తునకు అలవాటుపడి, అది యుండుటయే తన సహజస్థితి యనుకొనును. ఇక్కడనే అసలు ప్రమాదమున్నది. దీనిని కొంచెము నిదానముగ చెప్పెదను. స్త్రీలు ప్రత్యేకముగ వినవలెనని నా ప్రార్థన.

అట్టివానికి మద్యము హఠాత్తుగ ఆగినచో ఆరు గంటలు మొదలు ఒక దినములోపల వణుకు, చెమట, వాంతి, నిద్రలేమి ప్రారంభమగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు కొందరికి సంధి పుట్టును. గోడపై పురుగులు పాకుచున్నవనును, చనిపోయిన తండ్రి పిలుచుచున్నాడనును, కట్టుకొన్న భార్యను గుర్తుపట్టడు. మన పల్లెలలో దీనిని గాలి సోకినదనుకొని వేపమండలు తెప్పింతురు. అది గాలి కాదు. వైద్యము లేనిచో ప్రాణము తీయగల వ్యాధి. అయ్యప్ప మాల వేసికొని 41 దినములు మానువారిని మనమందరము చూచుచున్నాము, అది మంచిదే. కాని దినదినము తాగి తాగి లొంగిపోయినవాడు మాల వేసికొనదలచినచో ముందు వైద్యునికి కనబడి పిమ్మట గురుస్వామి కడకు పోవలెను. గదిలో పెట్టి తాళము వేయుట, చెట్టుకు కట్టుట మాన్పించు మార్గములు కానే కావు.

నేను భయపెట్టుటకు ఈ మాటలనుటలేదు. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు జరిపినప్పుడు మహబూబ్‌నగరు, నిజామాబాదు, మెదకు జిల్లాల ఆసుపత్రులు రోగులతో నిండిపోయినవి. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం, డయజిపామ్ వంటి మత్తుమందులు కలిపెడివారు. అవి ఒక్కమారుగ అందకపోవుటచే వేరు వేరు ఊళ్లలో జనులు పిచ్చెత్తినట్లు ప్రవర్తించిరి, కొందరు మరణించిరి. 2020 మార్చిలో కరోనా కారణముగ దుకాణములు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వాకిట ఇదే దృశ్యము కనబడెను. అంగడి మూసినంతమాత్రమున రోగికి వైద్యము జరిగినట్లు కాదు.

ఇక ఖర్చు. 2024 అక్టోబరులో మన రాష్ట్రమున ప్రయివేటు దుకాణములు మరల తెరచినప్పుడు 99 రూపాయలకు క్వార్టరు ప్రవేశపెట్టిరి. ఆ చవుక ధరకే, దినమునకు ఒక్కటి చొప్పున లెక్కింపుడు: ఏడాదికి 36,135 రూపాయలు. బెల్టుషాపులో కొన్నదానికి పైన వేసిన ధర ఇందులో లేదు. నంజుడునకైన డబ్బు లేదు. పోయిన కూలి లేదు. డ్వాక్రా సంఘములో భార్య పేర తెచ్చి వేరొకదారి పట్టిన అప్పు లేదు.

పొరుగున బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ వైద్యులు, అచట చికిత్సకు చేరిన 113 మంది రోగుల ఆదాయవ్యయములను విచారించి 2000లో ప్రకటించిరి. ఆ రోగులు సగటున నెలకు సంపాదించినది 1,660 రూపాయలు; తాగుడునకు వెచ్చించినది 1,938 రూపాయలు. నేనీ అంకెలను మొదట చదివినప్పుడు అచ్చుతప్పేమో యనుకొంటిని. తప్పు కాదు. సంపాదించినదానికంటె ఎక్కువ ఖర్చు పెట్టగలుగుట అప్పువలన, ఇంటి ఆడవారి కష్టమువలన సాధ్యమైనది. ఆ రోగులు నెలకు సుమారు 15 దినములు పనికి పోలేదు. అదే లెక్కను వారు కర్ణాటక రాష్ట్రమంతటికి విస్తరింపగా, మద్యమువలన కలుగు నష్టము ఏటికి 1,839 కోట్లు, ప్రభుత్వమునకు వచ్చు ఎక్సైజు ఆదాయము 846 కోట్లు అని తేలెను. ఒక రూపాయి వసూలునకు రెండు రూపాయలకు పైగ పోవుచున్నదన్నమాట. ఏ షావుకారైనను ఇట్టి వ్యాపారము చేయునా? కాని వచ్చు రూపాయి ఖజానాలో కనబడును. పోవు రెండు రూపాయలు వేలకొలది వంటిండ్లలో విడివిడిగ పోవును గనుక ఏ బడ్జెటులోను కనబడవు.

ఈ ఖజానా లెక్క మన రాజకీయములను ఎట్లు త్రిప్పినదో పెద్దలకు తెలియును. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. 1954లో ప్రకాశము పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గము మద్యనిషేధపు చర్చమీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశమునకు సారాపై వచ్చు ఆదాయము 1970–71లో 39 కోట్లుండగా 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగెను.

ఆ మరుసటి సంవత్సరమే మన జిల్లాలో, కలిగిరి మండలమందలి దూబగుంటలో జరిగినదానిని ఈ గ్రంథాలయ సభలో తలపకుండుట న్యాయము కాదు. 1991లో అక్షరదీపము పేర రాత్రిబడులు పెట్టిరి. పగలంతయు కూలిపని చేసి వచ్చిన స్త్రీలు లాంతరు వెలుగులో అక్షరములు దిద్దిరి. వారి వాచకములో తాగుబోతు భర్త చేత బాధలు పడిన సీతమ్మ కథ పాఠముగ నుండెను. ఆ కథను చదివి ‘ఇది మన యిల్లే’ యని వారికి తోచెను. వర్ధినేని రోశమ్మగారు, ఆమె తోడి స్త్రీలు 1992లో ఊరి సారా అంగడిని మూయించిరి. వేలంపాటలు పలుమార్లు ఆగిపోయినవి. 1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. ఆ ఉద్యమము ఓడినదని కొందరందురు. నేనొప్పుకొనను. అంగడిపై ఆ తల్లులు చేయగలిగినదంతయు చేసిరి. మంచము పట్టిన మనిషికి వైద్యము చేయించుట అప్పుడు మిగిలిపోయిన పని. నేటికిని అది మిగిలియే యున్నది.

ఆ వైద్యమునకు ఎంతగును? ప్రభుత్వాసుపత్రిలో మంచమునకు, మందులకు రుసుము లేదు. మానినప్పటి బాధలను అణచుటకు డయజిపామ్ జాతి మందులను హెచ్చు మోతాదుతో మొదలిడి, దినదినము తగ్గించుచు సుమారొక వారములో నిలిపివేయుదురు. వాటితోపాటు బి1 విటమిను, అనగా థయమిన్ ఇత్తురు. ఒక ముఖ్య విషయము: మనవారు నీరసమనగానే ఊరి ఆర్.ఎం.పి. చేత గ్లూకోజు సీసా ఎక్కించుకొందురు. చాలకాలము తాగినవానికి థయమిన్ ఇయ్యకుండ గ్లూకోజు ఎక్కించినచో మెదడునకు తీరని హాని కలుగవచ్చును. పిమ్మట నెలల తరబడి, మరల తాగవలెనను కోరికను తగ్గించు మందులు, సలహాదారులతో సంభాషణలు సాగవలెను. రోగికి ఒకరు తోడుండవలెను. ఆ తోడు మనిషికి పోవు పది దినముల కూలి, బస్సు ఛార్జీలు, భోజనము – పేదవానికి నిజమైన ఖర్చు ఇదియే. మీమీ కూలి రేట్లతో లెక్కవేసి, ఇందాకటి 36,135 పక్కన వ్రాసి చూడుడు.

కొందరు పత్రికలలో ప్రకటన చూచి, భర్తకు తెలియకుండ కూరలో కలిపెడి పొడి తెప్పింతురు. డైసల్ఫిరామ్ అను మందు వైద్యులును ఇత్తురు. కాని అది రోగికి చెప్పి, అతని సమ్మతితో ఇయ్యవలసినది. దానిపై మద్యము పడినచో ముఖము ఎర్రబడి, వాంతులై, రక్తపుపోటు పడిపోయి ప్రాణముమీదికి రావచ్చును. తెలియక తాగినవాడు మరణించినచో ఆ తల్లి గతి యేమి? ప్రయివేటు కేంద్రములలో మంచివి కలవు, చెడ్డవియు కలవు. చేర్చుటకు ముందు నమోదు పత్రము చూపుమని అడుగుడు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము రోగిని గొలుసులతో బంధింపరాదు. అట్లు చేయుచోట మీవానిని విడువకుడు.

గంజాయిని గూర్చి రెండు మాటలు చెప్పి ముగింతును. అది మన్యము కొండలనుండి ఎట్లు దిగివచ్చుచున్నదో పత్రికలలో మీరు చదువుచున్నారు. కాలేజీ పిల్లవాడు దానిలో పడినప్పుడు తలిదండ్రులు పోలీసులకు భయపడి దాచుదురు. మత్తుమందుల చట్టములో 64-ఏ అను సెక్షను కలదు. తన వాడుకకొరకు కొద్దిపాటి పరిమాణముతో పట్టుబడినవాడైనను, తనంతట తాను చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో శిక్షావిచారణనుండి రక్షణ పొందును. ఈ సంగతి తెలియకనే ఎన్నో యిండ్లలో పిల్లల చదువుకాలము గడచిపోవుచున్నది.

కార్యవర్గమువారిని ఒక్కటి కోరుచున్నాను. పత్రికలు చదువు బల్లకెదురుగ గోడమీద రెండు నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. 14446 మత్తు విడుపు సలహాలకు, 14416 మానసిక ఆరోగ్యమునకు. రెండును ఉచితములు. వచ్చు నెల మొదలుకొని ప్రతి రెండవ ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు నేను ఈ లోపలి గదిలో కూర్చుందును. వచ్చినవారి పేరు వ్రాయుట యుండదు. పుస్తకము మార్చుకొనుటకు వచ్చినట్లే రావచ్చును. ఇంటివారు మాత్రమే వచ్చినను చాలును. గది వెనుక తలుపు చెరువుగట్టు వైపునకు తెరచుకొనును. దాని తాళపుచెవిని కార్యదర్శిగారు నాకిచ్చెదమని మాట యిచ్చియున్నారు.